పన్నెండు గంటల సైరన్

వోల్క్‌మార్ తూము జాలీకి చుట్టుకున్న కొమ్మలను కొక్కెంతో లాగి గట్టున పడేస్తున్నాడు. ఊరి పురపాలక కార్యాలయంలో పనివాడు. వంగిన నడుము, అతుకుల రబ్బరు బూట్లు, ముక్కు కొసన ఎప్పుడూ ఒక చెమట చుక్క. జర్మనీలో ఐఫెల్ కొండల నడుమ ఆ వాగు జూలైలో మోకాలు కూడా తడపదు. అయినా శనివారం వస్తే జాలీ శుభ్రం కావలసిందే.

నెలలో మొదటి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ పరీక్ష. మీట నొక్కేది అతనే. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అటూ ఇటూ కాలేదు. ఆ కూత వినే ఊళ్లో గడియారాలు సరిచేసుకుంటారు, బంగాళాదుంపలు పొయ్యి మీద పెడతారు. పెళ్లీ పెటాకులూ లేని ఆ మనిషికి గర్వపడడానికి ఉన్నది అదొక్కటే.

ఆ శనివారం పన్నెండు కాకముందే షెడ్డులో ఫోన్ మోగింది. రోజూ పొద్దున్నే వాన లెక్క అతని దగ్గర రాసుకునే వాతావరణ కేంద్రం అమ్మాయి.

"కొండ మీద మేఘం కదలట్లేదండీ. ఏ లోయలో దిగుతుందో చెప్పలేను. మీ దాంట్లో దిగితే మాత్రం అరగంట కూడా టైముండదు."

కిందటి నెలా ఇలాగే చెప్పింది. అతని మాట విని ఊరంతా ఇసుక బస్తాలు మోసింది, చినుకు రాలలేదు. అప్పటినుంచి సారాకొట్టులో ఎవరు గొడుగు తీసినా, వోల్క్‌మార్ చెప్పాడా అని నవ్వుతున్నారు. అతను బయటికి వచ్చి వాగు చూశాడు. నీళ్లు బురద రంగుకు తిరిగాయి, ఎగువ పొలాల గడ్డి కొట్టుకొస్తోంది. పన్నెండుకు ఇంకా పావుగంట. అంతదాకా ఆగితే లాభం లేదనుకుని మీట నొక్కాడు. పరీక్షకూ ప్రమాదానికీ కూత ఒకటే.

ఒక్క తలుపూ తెరుచుకోలేదు. వాగు ఒడ్డు సందులోకి పరుగెత్తాడు. మొదటి ఇంట్లో విధవరాలు రోస్‌విథా స్టూలెక్కి గోడ గడియారం ముల్లు ముందుకు తిప్పుతోంది.

"ఇది వెనకబడినట్టుంది వోల్క్‌మార్. నీ సైరన్ తప్పదు కదా."

ముప్పై ఏళ్ల నమ్మకమే ఇప్పుడు కాళ్లకు అడ్డం పడింది.

"పరీక్ష కాదు రోస్‌విథా. వాగొస్తోంది. చర్చి మెట్టకు పో."

"పొయ్యి మీద దుంపలున్నాయి. గ్యాసు..."

"నేనార్పుతాలే. నువ్వు నడువు."

కొక్కెంతో తలుపు తలుపూ బాదాడు. కొందరు నవ్వబోయారు గానీ, అతని ముఖం చూసి చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటపడ్డారు. వాన అప్పుడే మొదలైంది. మెట్ట మీద తలలు లెక్క చూసుకుంటే సందులో వాళ్లంతా ఉన్నారు. వోల్క్‌మార్ ఒక్కడే కింద, మోకాలి లోతు నీళ్లలో రోస్‌విథా గుమ్మం దాటి లోపలికి వెళ్తూ కనిపించాడు. అంతలో దుంగలతో సహా వాగు మలుపు తిరిగింది. అతను బయటికి రావడం ఎవరూ చూడలేదు.

మర్నాడు తూము దగ్గర, ముందురోజు పొద్దున తను శుభ్రం చేసిన జాలీకి ఆనుకుని దొరికాడు. రోస్‌విథా ఇంట్లో గ్యాసు కట్టేసే ఉంది. ఆమె ఆ పొయ్యి ముందు కూలబడి చాలాసేపు ఏడ్చింది. బురద ఎత్తిపోయడానికి వచ్చినవాళ్లు గడియారం సరిచేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

మరుసటి నెల కొత్త పనివాడు సరిగ్గా పన్నెండింటికే సైరన్ మోగించాడు. రోస్‌విథా గోడ మీద, బురద గీతకు జానెడు పైన, గడియారం అప్పటికే పావుగంట ముందు నడుస్తోంది.