పారాలో ఉన్నవాడి అన్నం

నల్లపాడు జిన్నింగు మిల్లులో పీరును ఒకచోట నిలబెట్టి పని చేయించడం ఎవరి తరమూ కాలేదు. బోరాలు మోస్తాడు, దూది ఎత్తుతాడు, మధ్యలో ఊరికే గేటు దాకా వెళ్ళి వస్తాడు. కాసేపు కదలకుండా ఉంటే కాళ్ళ కింద నేల ఒక పక్కకి వాలుతున్నట్టుంటుంది అతనికి. ఓడ మునిగిన దగ్గర్నుంచీ అంతే. మేస్త్రీ తిట్టి తిట్టి ఊరుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం సుభాని వచ్చాడు. గుంటూరు మిరపకాయల కొట్లలో హమాలీ. మిల్లు గేటు దగ్గర మూతికి కట్టుకున్న గుడ్డ విప్పి నాలుగు తుమ్ములు తుమ్మి, "ఒరే పీరూ, శుక్రవారం పని మానెయ్. ప్రత్తిపాడు పోవాలి" అన్నాడు.

"దేనికి?"

"జమీలాకి నిఖా మాట వచ్చిందిరా. బండి తోలే కాశిం చేసుకుంటానంటున్నాడు. ముల్లాగారు పడనియ్యట్లా. మస్తాను పోయాడని కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు చెప్పాలంట. చెప్పకపోతే ఆ పిల్ల ఎప్పటికీ మస్తాను పెళ్ళామే."

"నేను చూళ్ళేదుగా."

"నేను మాత్రం చూశానా? చూశామని చెబుదాం. సముద్రం మధ్యలో, ఓడ అడుగున ఉన్నోడు ఏమవుతాడ్రా? మామిడితోటలో కాపలా ఉంటాడా?"

పీరు గేటు దాకా వెళ్ళి వచ్చాడు. "వస్తాలే" అన్నాడు.

మస్తాను, పీరు, సుభాని ముగ్గురూ ప్రత్తిపాడు దూదేకుల పిల్లలే. తాతల నాటి నుంచీ ఏకుడుబద్ద భుజాన వేసుకుని ఊరూరా పరుపుల దూది ఏకిన కుటుంబాలు. మిల్లులొచ్చాక ఆ పని చాలలేదు. సింగరాయకొండ వైపు సారంగు ఒకాయన ఓడల్లోకి మనుషుల్ని తీసుకుపోతున్నాడంటే మద్రాసు వెళ్ళి ఎక్కారు. బాయిలరు దగ్గర బొగ్గు వేసే పని. ఓడ పేరు మాల్వర్న్. వీళ్ళ నోట మాలవరం అయింది. తెల్లవాళ్ళు వాడి వాడి అమ్మేసిన ముసలి సరుకు ఓడ. ఎక్కడ సుత్తితో కొట్టినా పెచ్చు రాలేది.

శుక్రవారం బస్సులో కిటికీ పక్క చోటు దొరికినా పీరు కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు పక్కన కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆడవాళ్ళు తాలుకాయ ఏరుతున్నారు.

"ఆ వంటాయన రహీము గుర్తున్నాడా?" అన్నాడు సుభాని. "పులుసులో మన గుంటూరు కారం వేస్తే ఏడ్చేవాడు."

"ఏడ్చింది రహీము కాదు, చమురు పోసే దావూదు."

"రహీమేరా!"

"దావూదు. రహీము నవ్వేవాడు."

రహీమూ దావూదూ ఇద్దరూ ఓడతోనే పోయారు. ఎవరు ఏడ్చారో తేల్చడానికి మూడోవాడు లేడు. సుభాని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

కాసేపటికి పీరు అన్నాడు. "అంకారావు వచ్చాడు కదరా."

సింగరాయకొండ అంకారావుదీ ఆ ఓడే. పోయాడని ఇంట్లోవాళ్ళు పెద్దకర్మ కూడా చేశారు. మరుసటి ఏడాది ఎముకల గూడులా నడిచొచ్చాడు. ఇంకో ఓడ వాళ్ళు తీసి, ఎక్కడో పరాయి రేవులో ఆసుపత్రిలో పడేశారట.

"అంకారావు పైన ఉన్నాడు. మస్తాను కింద ఉన్నాడు" అన్నాడు సుభాని. "అది మనసులో పెట్టుకుని అక్కడ నీళ్ళు నమలబాక. నేను చెబుతా, నువ్వు తలకాయూపు."

జమీలా ఇల్లు మసీదు వెనక వీధిలో. ఆమె తల్లి ఖాదర్‌బీ వసారాలో చాప వేసింది. ముల్లాగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. జమీలా వంటింటి తలుపు చాటున నిలబడింది. చీర కొంగు మాత్రం కనపడుతోంది.

"చూశారా?" అన్నారు ముల్లాగారు.

"చూశామండి" అన్నాడు సుభాని. "అల వచ్చి లాక్కుపోయింది. మునిగాడు, తేల్లేదు."

"నువ్వు?"

పీరు తలూపాడు. లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

"సరే, అల్లా చూస్తున్నాడు. మీ మాట మీదే వదిలేస్తున్నా" అన్నారు ఆయన. తలుపు చాటున గాజులు కదిలాయి.

ఖాదర్‌బీ పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం కూర తెచ్చి మధ్యన పెట్టింది. ముగ్గురూ చుట్టూ చేరారు. పీరు చెయ్యి కడుక్కుని, పక్కనున్న చిన్న పళ్ళెం తీసి, అందులో నాలుగు పిడికిళ్ళ అన్నం, రెండు ముక్కలు, కాస్త పులుసు వేసి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి తన వెనక గోడవారకి జరిపాడు. సుభాని మోకాలితో పొడిచాడు. పీరుకి అర్థం కాలేదు.

"అదెవరికి?" అన్నారు ముల్లాగారు.

"పారాలో ఉన్నోడికండి" అన్నాడు పీరు.

మస్తాను ఇంకా ఉన్నట్టే మాట్లాడానని అనేశాక తెలిసింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎవరయ్యా పారాలో ఉంది?"

సుభాని అందుకున్నాడు. "ఓడ అలవాటండి. ఊరికే..."

"నిన్నడగలా."

ఓడలో అందరూ ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు. కింద బాయిలరు దగ్గర పారాలో, అంటే డ్యూటీలో, ఉన్నవాడి వంతు ముందు తీసి మూత పెట్టాకే మిగతావాళ్ళు చెయ్యి పెట్టాలి. దాన్ని ఇంకొకడు ముట్టుకోకూడదు. ఓడ లేకపోయినా పీరు, సుభాని కలిసి తిన్నప్పుడల్లా ఆ వంతు తీస్తూనే ఉన్నారు. పొద్దుపోయాక కుక్కకో బిచ్చగాడికో పోయేది. అదేమిటని ఇద్దరిలో ఒక్కడూ ఎప్పుడూ అనలేదు.

పీరు ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "నేను చూళ్ళేదండి. వీడూ చూళ్ళేదు."

"ఓరి నీ..." అని సుభాని తల పట్టుకున్నాడు.

జమీలా బయటికొచ్చింది. మొహం కందిపోయి ఉంది. "అయితే ఏం చూశావు? ఇన్నేళ్ళల్లో ఒక్కళ్ళు నాకు ఉన్నదున్నట్టు చెప్పలేదు. ఇప్పుడన్నా చెప్పన్నా."

పీరు లేచి నిలబడ్డాడు. వసారా ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ చెప్పాడు. రంగూను బియ్యంతో వస్తున్నారు. గాలివాన. సరుకు అరల్లోకి నీళ్ళొచ్చి బియ్యం ఉబ్బి, ఓడ పక్కల్ని లోపల్నుంచి నెట్టింది. అప్పుడు వీళ్ళు పైన అన్నాలు తింటున్నారు. మస్తాను పారాకి దిగాడు.

"దిగేముందు నాతో అన్నాడమ్మా. 'ఒరే, చేప తలకాయ నాకు దాచు. సుభానిగాడు కళ్ళు పీక్కు తింటాడు, చూస్తుండు' అని. దాచి మూత పెట్టా. అప్పుడే ఓడ ఒరిగింది. పళ్ళెం జారిపోయింది. పైన ఉన్న మేము నీళ్ళల్లో పడ్డాం. కింది నుంచి ఎవరూ రాలేదు. అంతవరకే నేను చూసింది."

జమీలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఇంట్లోనూ అంతే. తలకాయ కోసం మా అమ్మతో పోట్లాట."

"నా కళ్ళల్లో కారం కొట్టి మరీ ఎత్తుకుపోయేవాడు" అంది ఖాదర్‌బీ.

ముల్లాగారు గడ్డం నిమురుకున్నారు. "నేనడిగిందే సరిగా లేదు. సముద్రంలో ఎవరు చూస్తారు? అబద్ధం మీద నిఖా చెయ్యబోయాం. ఇన్నేళ్ళు కబురు లేని మొగుడి నుంచి విడుదల అడగొచ్చు. గుంటూరు కోర్టులో అడగాలి, ఆలస్యమవుతుంది. నువ్విప్పుడు చెప్పింది అక్కడ చెబుతావా?"

"చెబుతానండి."

"ఆలస్యమైతే కానీండి. అబద్ధం కంటే నయం" అంది జమీలా. తర్వాత పీరు కళ్ళల్లోకి చూసింది. "నువ్వింకా వస్తాడనే అనుకుంటున్నావా అన్నా?"

"నీళ్ళు ముందు బాయిలరు గదిలోకే వస్తాయమ్మా."

"నేనడిగింది అది కాదు."

పీరు నడవడం ఆపాడు.

"రాడమ్మా" అన్నాడు.

సుభాని తల వంచుకున్నాడు. జమీలా వంగి, గోడవార పళ్ళెం తీసి, మూత పక్కన పెట్టి, వసారా అంచున కూర్చుంది. "పొద్దుట్నుంచీ నాకేమీ గొంతు దిగలా. ఆకలేస్తోంది" అని ముద్ద కలిపింది.

సుభాని ముక్కు తుడుచుకుని, "బస్సుకి టైమవుతోంది, లేరా" అన్నాడు.

"ఉండరా," అన్నాడు పీరు చాప మీద కూలబడుతూ, "తిననీ."