గరిటెల్లో ఆరే పూలు

"గరిటె ఏదీ?" అన్నారు మా ఆయన, ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని. నేను స్నానాలగదిలో దుప్పట్లు పిండుతున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు వంటింట్లో మంచినీళ్ళ గ్లాసు తప్ప మరో వస్తువు దొరికింది లేదు. ఉప్పు డబ్బా కళ్ళెదుటే ఉన్నా "ఎక్కడ పెట్టావోయ్" అని కేకేస్తారు. ఆ రోజు మాత్రం "ముట్టుకోకండి, వస్తున్నా" అంటూ నేను తడి చేతులతో పరిగెత్తుకొచ్చేలోగా గరిటెలన్నీ దొరికేశాయి. కిటికీలో ఎండకు పెట్టిన వాటిని ఎత్తి, లోపల ఆరుతున్న నా కాగితప్పూల రేకుల్ని వంటగట్టు మీద గుమ్మరించి, కడగమని గరిటెలు నా చేతికిచ్చారు.

అట్టపెట్టెలు విప్పి రేకులు కత్తిరిస్తాను. పాత పేపర్లు నానబెట్టి రుబ్బి, మైదా జిగురు కలిపి, ఆ గుజ్జు రెండువైపులా పూస్తాను. తడిగా ఉండగానే రేకును ఏదైనా గుంటలో పడుకోబెట్టాలి, అప్పుడే దానికి ఒంపు వస్తుంది. పెద్ద రేకులకు గిన్నెలు, లోపలి చిన్న రేకులకు గరిటెలు. ఆరకముందే కదిపితే చెప్పు అడుగులా చదునైపోతుంది. ఇదంతా ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను. పేపరు చదువుతూ ఊకొట్టారు.

"కాగితమేగా, మళ్ళీ చేసుకో. నీకేం పనని?" అన్నారు ఇప్పుడు. ఈ ఇంట్లో నేను చేసేదాన్ని ఎవరూ పని అనరు, చెయ్యనినాడు మాత్రం పని ఎగ్గొట్టానంటారు. అత్తయ్యది ఇంకో మాట. "వాసనా లేదు, పాడూ లేదు. దుమ్ము పట్టడానికి కాకపోతే ఎందుకే ఈ పూలు?" అంటారు. ఆయన పైఅధికారి టీకి వచ్చినప్పుడు మాత్రం నా పూలకుండీ హాల్లోకి వచ్చింది. "మా ఆవిడ టైంపాస్ అండీ" అని నవ్వారు మా ఆయన. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈసారివి టైంపాస్ కాదు. వీధి చివర బట్టల షాపావిడ తన అద్దాల కిటికీ నిండా పెట్టడానికి అడిగింది. "బుధవారం షాపు తెరుస్తున్నానండీ. మీరిస్తేనే అలంకరణ, లేకపోతే నా కిటికీ బోసిగా ఉంటుంది" అంది. మీరిస్తేనే అని నాతో ఎవరూ అనలేదు అంతవరకు. ఇస్తానని మాటిచ్చాను. ఆ మాట తప్పితే రెండోసారి ఎవరూ అడగరని నాకు తెలుసు.

గట్టు మీద ముద్దగా పడి ఉన్న రేకుల్ని చూస్తే ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే బుధవారం ఆగదు కదా. గరిటెలు కడిగాను. ఆయన చెయ్యి చాపారు. నేను వాటిని తుడిచి, బేసిన్‌లో మిగిలిన గుజ్జు తీసి కొత్త రేకులకు పూసి, గరిటెకొకటి చొప్పున పడుకోబెట్టి, మళ్ళీ కిటికీలో పెట్టాను. ఒక్కదాని ఒంపూ చెడలేదు.

"మరి నేనెట్లా తినేది?"

"అవి ఆరాలండీ."

"అమ్మా, చూస్తున్నావా?" అన్నారాయన, బడిలో పెన్సిలు పోగొట్టుకున్న పిల్లాడిలా.

అత్తయ్య చూస్తూనే ఉన్నారు. లేచి వచ్చి కూరగిన్నె ఆయన ముందుకు జరిపారు. "వంచుకో నాయనా. మీ నాన్నకి ఈ ఒక్క మాట చెప్పలేకే నా చేతులరిగిపోయాయి."

ఆయన వంచుకున్నారు. సగం కూర కంచంలోనూ సగం ఒళ్ళోనూ పడింది. తుడుచుకోవడానికి గుడ్డ కోసం అలవాటుగా నా వైపు చూశారు. నేను కదల్లేదు.

"ఎన్నాళ్ళీ భాగోతం?" అన్నారు.

"బుధవారం దాకా గరిటెలు దొరకవండీ," అన్నాను, అట్ట మీద తర్వాతి రేకు గీసుకుంటూ. "గరిటె పట్టే చెయ్యి కూడా దొరకదు."