నాలుగో గోలెం

మా ముందుగదిలో కూర్చుని చదువుకునే ఆడపిల్లలు గోడల మెరుపు చూసి ఉస్తాద్ ఘాసీలాల్ పేరు చెబుతారు. చెప్పవలసిందే. అయితే ఆ ఒక్క పేరుతో ఆగిపోతే నేను ఊరుకోను. ధాపూ పేరు కూడా పలికితేనే గడప దాటనిస్తాను. మళ్ళీ ఆడపిల్లే పుట్టినప్పుడు, ఇక చాలునని మావైపు పెట్టే పేరు అది. ఆ పేరుగల మనిషికి నేను చేసిన అన్యాయం, ఆమె నాకు చేసిన మేలు, రెండూ ఈ గోడల మీదే ఉన్నాయి.

ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాక, పాత జైపూర్‌లోని నా ఇంటి ముందుగదిని పేటలోని ఆడపిల్లల చదువుకు ఇవ్వదలచాను. గోడలకున్న సిమెంటు చెమ్మకు ఉబ్బి పెచ్చులుగా రాలుతూ ఉండేది. దాన్ని గీకించి, మా అమ్మమ్మ కాలంలో వలె ఆరాయిష్ పూత పెట్టమని మేస్త్రీ ఘాసీలాల్‌ను అడిగాను. సున్నంలో పాలరాతి పొడి కలిపి పూతమీద పూత పూసి, తడి ఆరకముందే అకీక్ అనే నున్నటి రాయితో రుద్దుతారు. చివర కొబ్బరి తురుమును గుడ్డలో కట్టి తుడిస్తే గోడలో మన నీడ మనకు కనిపిస్తుంది. అది ఉస్తాద్ పని. కాని అంతకు ఏడాది ముందునుంచే సున్నం గోలేల్లో నానాలి. దానిలో పెరుగూ బెల్లమూ వేసి, రోజూ పైనీరు వంచి కొత్త నీరు పోయాలి. ఆ పనికి ధాపూ వచ్చింది.

నాలుగు గోడలకు నాలుగు గోలేలు. వేసవిలో నాలుగోది పగిలి సున్నమంతా నేలపాలైంది. కొత్త గోలెంలో మళ్ళీ తడిపేసరికి అది మిగిలినవాటికంటే ఐదు నెలలు వెనకబడింది.

వసంత పంచమినాడు గది తెరుస్తామని ఆహ్వానాలు పంపించాను. మూడు గోడలు అద్దాల్లా వచ్చాయి. నాలుగో గోడకు ఉస్తాద్ సున్నం తెమ్మన్నాడు. ధాపూ గోలెంలో వేలు ముంచి, బొటనవేలితో కలిపి చాలాసేపు నలిపింది.

“దీనికింకా నిద్ర పట్టలేదు ఉస్తాద్‌జీ. లోపల గింజ ఉంది. గోడెక్కాక చిట్లుతుంది.”

ఉస్తాద్ కూడా నలిపి చూశాడు. తన వేలికేమీ తగలడం లేదన్నాడు.

“నలభై ఏళ్ళు ఆ రాయి పట్టి మీ వేళ్ళకు గుర్రపు డెక్కలు మొలిచాయి. ఎలా తగులుతుంది?”

పనివాళ్ళు నవ్వారు. ఉస్తాద్ ముఖం కందిపోయింది. అతను నావైపు చూశాడు. పంచమికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. నేను వాకిట్లో అందరికీ వినబడేలా అన్నాను:

“నీ పని నీళ్ళు మార్చడం, తీర్పు చెప్పడం కాదు. నచ్చకపోతే రేపటినుంచి రానక్కరలేదు.”

ధాపూ చేతులు కడుక్కుంది. “బహన్‌జీ, గోడ మీది, మాట నాది,” అని, తలమీది ఓఢ్నీ అంచు సర్దుకుని వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళు పిల్లలకు న్యాయం గురించి పాఠాలు చెప్పిన నేను, ఆ క్షణంలో ఆహ్వానపత్రం మీది తేదీని తప్ప మరి దేనినీ చూడలేదు.

సగం గోలెంతోనే నాలుగో గోడ పూర్తయింది. పంచమినాడు వచ్చినవారందరూ మెచ్చుకున్నారు. మూడో వారంలో ఒక ఉదయం పిల్లల పుస్తకాల మీద తెల్లటి పొడి కనిపించింది. తల ఎత్తి చూస్తే, పోపులో ఆవాలు చిట్లినట్టు నాలుగో గోడంతా చిల్లులు. తక్కిన మూడు గోడల మీద గీత కూడా లేదు.

ఉస్తాద్ వచ్చి, ఆ గోడ ముందు చెప్పులు విడిచి కూర్చున్నాడు. “ఆమెకు తెలిసింది బాయీసా. నాకూ అనుమానం రాకపోలేదు. నలుగురూ నవ్వారని పంతానికి పోయాను,” అన్నాడు. అతని నిజాయితీ నా తప్పును ఇంకా పెద్దది చేసింది. అతనిది పంతం మాత్రమే. అధికారం నాది.

ఆ సాయంత్రమే ధాపూ ఇంటికి వెళ్ళాను. ఆమె సజ్జరొట్టె కాలుస్తోంది. పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది. నేను తప్పు చేశానని, మన్నించమని అడిగాను. ఆమె రొట్టె తిప్పింది.

“అన్నది నలుగురి ముందు. అడిగేది నా పొయ్యి ముందు. ఇదేం న్యాయం బహన్‌జీ?”

నేను చదువుకున్న కాన్వెంటులో సిస్టర్ బెనెడిక్టా కూడా అదే చెప్పేది. తప్పు ఎక్కడ జరిగిందో క్షమాపణ అక్కడే చెప్పాలనేది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో ఆ పాఠాన్ని పొయ్యి దగ్గర మళ్ళీ నేర్చుకున్నాను. మర్నాడు అదే వాకిట్లో, అదే పనివాళ్ళ ముందు, ధాపూ మాట నిజమని, నా మాట అన్యాయమని, మన్నించమని అడిగాను. ఆమె తల ఊపింది. నేరుగా వెళ్ళి నాలుగో గోలెం మూత తీసింది.

ఎండి బీటలు వారి ఉంటుందనుకున్నాను. సున్నం మీద జానెడు నీరు తేటగా నిలిచి ఉంది. మా వంటమనిషి నాథీ నేలచూపులు చూసింది. ధాపూ ప్రతి తెల్లవారుజామునా నాథీ తీసిన పెరటి తలుపున వచ్చి నీరు మార్చి వెళ్ళేదట. పొమ్మన్న ఇంటికి ఎందుకు వచ్చావని అడిగాను.

“అలిగింది మీమీద. సున్నం ఏం చేసింది?”

అడగకుండా, అర్హత లేకుండా అందేదాన్ని కృప అంటారని సిస్టర్ చెబితే చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ నీటిలో నా ముఖం చూసుకుంటున్నప్పుడు అర్థమైంది.

నాలుగో గోడ గీకించాం. పిల్లలు మూడు మెరిసే గోడలు, ఒక బోడి గోడ మధ్య నెలల తరబడి చదువుకున్నారు. తేదీ ఎవరూ అడగలేదు, నేను పెట్టలేదు. ఆషాఢంలో తొలి జల్లులు పడ్డాక ఒక ఉదయం ధాపూ సున్నాన్ని వేళ్ళతో నలిపి, “ఇప్పుడు నిద్రపోయింది, తీసుకోండి,” అంది.

పని ముగిసిన రోజు ఇంటివారు ఉస్తాద్‌కు తలపాగా కట్టడం మా ఆచారం. పనికి వచ్చిన ఆడవాళ్ళకు అటువంటిదేమీ లేదు. నేను రెండు పళ్ళేలు సిద్ధం చేశాను. తలపాగాకు తల వంచబోయేముందు ఘాసీలాల్ అందరివైపు తిరిగి, ఇకమీదట ధాపూ తెరవమనేదాకా తాను ఏ గోలెమూ తెరవనని చెప్పాడు. రెండో పళ్ళెంలోని అలల చారల లహరియా ఓఢ్నీ నేను ఆమె తలమీద కప్పాను. ఆమె దాని అంచును రెండు వేళ్ళతో నలిపి చూసింది.

“గింజ లేదు లెండి,” అంది.

నాలుగో గోడ గీకేటప్పుడు తలుపు వెనక అరచేతి మేర పాత పూత, ఆ చిల్లులతో సహా, ఉంచేయమన్నాను. గదికి మచ్చని ఉస్తాద్ చాలా బాధపడ్డాడు. ధాపూ మాత్రం, “ఉండనివ్వండి ఉస్తాద్‌జీ, అది బహన్‌జీ పని,” అంది.

రోజూ ఉదయం గది తెరిచి, ముందు ఆ చిల్లులను తాకుతాను. తరువాత పక్కనే చల్లగా మెరిసే గోడమీద చేయి పెట్టి, ధాపూకు దండం పెట్టుకుంటాను.