ముందస్తు కృతజ్ఞత

చర్చిలో కానుకలు పట్టాక పాస్టరు రాజరత్నం గారు కవర్ల మీద రాసినవి వరసగా చదువుతున్నారు. ఒకరికి మనవడు పుట్టాడు. ఒకరికి తప్పిపోయిన గేదె దొరికింది. ఆ తరవాతి కవరు దగ్గర ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

"మెర్సీ టీచరు గారు, కుమార్తె తబిత బ్లాక్ హోల్ కనుగొన్నందుకు కృతజ్ఞతార్పణ."

ఆడవాళ్ల వైపు కూర్చున్న తబిత, పక్కనున్న తల్లి వైపు చురుగ్గా చూసింది.

సెలవులకి ఇంటికొచ్చిన తబిత బెంగళూరులో పరిశోధన చేస్తోంది. లక్షల నక్షత్రాలు తేనెపట్టులా ముసురుకున్న గోళాకార గుచ్ఛం ఒకటుంది. అందులో ఒక నక్షత్రాన్ని ఆమె నాలుగేళ్లుగా కనిపెట్టుకుని ఉంది. దాని కాంతిని రంగులుగా విడగొడితే మధ్యలో సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. అవి ఒకసారి నీలం వైపు, ఒకసారి ఎరుపు వైపు జరుగుతున్నాయి. అంటే నక్షత్రం మనవైపు వచ్చి మళ్లీ వెనక్కి పోతోంది. కంటికి కనపడనిదేదో దాన్ని గిరగిరా తిప్పుతోంది. అది బ్లాక్ హోలో కాదో దాని బరువే చెప్పాలి. ఆ బరువు తేలాలంటే, నక్షత్రం వెనుదిరిగే వేళకి మరొక్కసారి ఆ గీతలు చూడాలి. చిలీ దేశంలో కొండ మీది టెలిస్కోపు వచ్చే వారం వాళ్లకి ఒకే ఒక్క రాత్రి దొరికింది. అందాకా బ్లాక్ హోల్ అన్న మాట నోట రానివ్వొద్దని గైడు గట్టిగా చెప్పారు. తొందరపడి చెప్పేసిన సీనియర్‌ని చూసి సభంతా ఎలా నవ్విందో తబిత మరిచిపోలేదు. ఇదంతా నిన్న అన్నాల దగ్గర తల్లికి విడమరిచి చెప్పింది కూడాను.

"దొరికిందన్లేదమ్మా, దొరకొచ్చు అన్నాను," అంది పళ్లు బిగించి.

"దొరికాక ఎవరైనా ఇస్తారే. ముందే ఇస్తేనే విశ్వాసం," అంది మెర్సీ. ఉద్యోగమంతా పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి!

ఈలోగా పాస్టరు గారు తబితను సాక్ష్యం చెప్పడానికి ముందుకు రమ్మన్నారు. ఎదురుగా స్టాండుకి బిగించిన ఫోన్లో ఆరాధన లైవ్ వెళ్తోంది. తలూపి కూర్చుంటే అబద్ధం తన పేరు మీద ఊరు దాటిపోతుంది. తబిత మైకు అందుకుంది.

"ఇంకా తేలలేదండి. తేలనిదానికి కృతజ్ఞతలొద్దండి. ప్రార్థన మనవి కింద మార్చండి."

పాస్టరు గారు కవరు మీద ఒక మాట కొట్టేసి, దేనికోసం ప్రార్థించాలని అడిగారు. ఆ రాత్రి మబ్బు పట్టకూడదని చెప్పింది తబిత.

మగవాళ్ల వైపు కదలిక పుట్టింది. సంఘపెద్ద జీవరాజు లేచాడు. కౌలు సేద్యం ఆయనది.

"మబ్బొద్దని ఎలా అడుగుతామమ్మా? శివారు కాలవకి నీళ్లు రాక నారుమళ్లు నెర్రెలిచ్చేత్తున్నాయి. వానకోసం మొన్నేగా ఉపవాసం ఉన్నాం."

"అది చిలీ అండి. భూమికి అవతలెక్కడో ఉంది."

"దేవుడికి తెలుసులే. పాస్టరు గారు సరిగ్గా చెప్పాలిగా."

తబిత తల పట్టుకుంది. మబ్బులు ఎక్కడివి పోవాలో, ఎక్కడివి ఉండాలో పాస్టరు గారికి రెండుసార్లు అప్పజెప్పాల్సి వచ్చింది. చివరికి అందరూ తలలు వంచారు.

"తండ్రీ, చిలీ దేశపు మబ్బులు మాత్రమే తొలగించు. ఆ బ్లాక్ హోల్ నిజంగా అక్కడ ఉన్నట్టయితే, నీ బిడ్డకు కనపరచు."

'ఉన్నట్టయితే' అన్న మాటకి తబిత ఒక్కతే గట్టిగా ఆమెన్ అంది. మెర్సీ మూతి బిగించుకుని కూర్చుంది.