సిక్సుకో నాటుకోడి

నేను ఒక మైకును. నాకు నోరుందని జనం అనుకుంటారు గానీ, ఉన్నది చెవి ఒక్కటే. చెవిన పడినదాన్ని తీగ వెంట హారన్‌కు పంపిస్తాను. అది నిజమో కాదో చూసి ఆపే వీలు నాకు లేదు.

పుట్టింది ఢిల్లీలో ఏదో ఇరుకు సందులో. మొదట అనంతపురం నాటకాల కంపెనీ కొన్నది. చచ్చిన రాజులు కూడా లేచి నా ముందు పద్యం పాడి మళ్లీ పడుకునేవాళ్లు. కంపెనీ మూతపడ్డాక సౌండు సెట్టు ఓబుళేసు చేతికొచ్చాను. పెళ్లిళ్లు లేనప్పుడు అతను క్రికెట్ పోటీలకు వ్యాఖ్యానం చెప్పేవాడు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. సిక్సు కొడితే చూసేవాళ్లలో ఎవరో ఒకరు నాటుకోడిని బహుమానమిస్తారు. ఇచ్చినవాడి పేరు, కొట్టినవాడి పేరు మైకులో చెప్పి తీరాలి. లేకపోతే ఇచ్చినవాడు అలుగుతాడు.

ఆ ఏడు ఊళ్ల మధ్య పోటీల్లో పెద్దమడుగు జట్టువాళ్లు సిక్సులు బాదారు, తొందరగా అవుటయ్యారు. నల్లగుట్ట వాళ్లు ఒకటీ రెండూ తీస్తూ చివరిదాకా నిలబడ్డారు. ఒక్క పరుగుకు కోడినెవరిస్తారు? వాళ్ల పేర్లు నాలోంచి హారన్‌కు పోనేలేదు. పత్రికకు వార్తలు రాసే శేషఫణి ఎండకు తాళలేక టీ కొట్టులో కూర్చుని, హారన్ విని రాశాడు. నల్లగుట్ట బ్యాటింగ్ నీరసమట.

ఆ రెండు జట్ల ఫైనల్ వానకు ఆగిపోయింది. జిల్లా పోటీకి ఒక్క జట్టునే పంపాలి, ఎవరినో కమిటీ తేల్చాలి. నల్లగుట్ట కెప్టెన్ సుంకన్నకు వచ్చే ఏడు వయసు దాటిపోతుంది.

స్కోరు రాసే మౌలాలి కమిటీ పెద్ద చిదంబరరెడ్డితో అన్నాడు. "రెడ్డీ, ప్రతి ఆటలోనూ పెద్దమడుగోళ్ల కంటే వీళ్లే ఎక్కువ కొట్టినారు."

"పేపర్ సూడలేదేమప్పా నువ్వు?"

"ఆయప్ప టీ తాగుతా మైకు ఇని రాసినాడు."

"మైకులో అబద్ధం చెప్తారా?"

అందరూ నా వైపు చూశారు. నేనేం చెప్పగలను? ఓబుళేసు నన్నెత్తి పెద్దమడుగు పేరు చదివాడు. నేను దాన్ని గట్టిగానే పలికాను.

జనం కదిలాక సుంకన్న వచ్చాడు. "మామా, మా పరుగులు ఒక్కసారన్నా చెప్పు. గుట్టవతల మా వాళ్లు ఇంటా ఉంటారు."

"కోళ్లు పంచేటప్పుడు రాకుండా ఇప్పుడొచ్చినావా అల్లుడా," అన్నాడు ఓబుళేసు. ఆ తర్వాత నవ్వలేకపోయాడు. మౌలాలిని అడిగి ప్రతి ఆటగాడి పేరూ, పరుగులూ చదివాడు. గొంతు పెంచి, సాగదీసి, సిక్సుకు చదివినట్టే చదివాడు.

హారన్‌ను అప్పటికే బండికెక్కించారు. నా తీగ కొస దేనికీ తగలకుండా తడి నేల మీద పడి ఉంది. అది ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. సుంకన్న చివరి పేరు దాకా చేతులు కట్టుకుని విన్నాడు. ఆపైన వంగి, ఆ తీగను మట్టి తుడుస్తూ చుట్టి, ఓబుళేసు చేతికిచ్చాడు.