ఏరివేత

చోడవరంలో గౌరీశంకర్ గుడ్లు కాక పిల్లల్నే పెట్టే రంగుచేపలు పెంచి విశాఖ షాపులకు అమ్ముతాడు. చెరకు పనులు తగ్గాక కావేరి అతని దగ్గర కూలికి చేరింది. వారం గడిచాక, "మంచి చేపపిల్లల్ని ఏరి ఉంచు" అన్నాడు. చెరకు విత్తనం ఏరినట్టే ఆమె నిటారువి బకెట్లో ఉంచి, వెన్ను వంగి పొట్ట ఉబ్బినవాటిని మురుగుకాలువలో పారబోసింది.

గౌరీశంకర్ నెత్తి బాదుకున్నాడు. "ఏటి సేసేవే? ఆ బెలూన్ చేపలకే గిరాకీ! వెన్ను వంగాలనే ఆరేళ్లు జతలు కట్టేను!"

"అయి ఈదనేకపోతన్నాయి బాబూ. నిన్న పిల్లల్ని పెట్టలేక ఒక తల్లి సచ్చింది."

"ముద్దుగుంటే సాలు. నిటారువి పారబొయ్యి, లేపోతే రేపట్నుంచి రాకు."

ఇంట్లో పొయ్యి వెలగాలి. కావేరి బకెట్టెత్తి వంచింది. చక్కగా ఈదే చేపలు ఎండిన మట్టిలో ఎగిరెగిరి ఆగిపోయాయి.

"ఇప్పుడొచ్చింది నీకు పని," అన్నాడు గౌరీశంకర్.