తల ఊపినవాళ్లు

ఆ గోడ కూలడం నేను చూశాను. ఉదయం పది గంటలు, ఎండ ఇంకా ముదరలేదు. మా వరస ఇళ్ల చివర అందరికీ కలిపి ఒక స్నానాల గది, దాన్ని ఆనుకుని బట్టలుతికే తొట్లు ఉండేవి. నేను బకెట్టు పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డాను. పసుపు రంగు యంత్రం నది వైపు నుంచి వచ్చింది. డ్రైవరు మూడుసార్లు హారన్ కొట్టాడు. అబద్ధం ఎందుకు, కొట్టాడు. లోపల, గొంతు పెద్దదని అందరం మోటారు పిన్ని అనే ఆవిడ, మంచం పట్టిన మొగుడి దుప్పట్లు పిండుతోంది. ఆమె వీపు నాకు కనిపిస్తూనే ఉంది.

"పిన్నీ!" అని అరిచాను. ఇంకోసారి అరిచాను. పరిగెత్తాలని తోచలేదు. ముప్పై ఏళ్లు మరమగ్గాల మధ్య పనిచేసిన మనిషిని అరిచి పిలవకూడదు, దగ్గరికి వెళ్లి భుజం తట్టాలి. మా వరసల్లో పసిపిల్లలకి కూడా ఆ సంగతి తెలుసు, ఎందుకో మాత్రం ఎవరూ పైకి అనరు. నాకూ తెలుసు. అయినా నిలబడ్డచోటే నిలబడి అరిచాను.

గోడ ఆమె కుడిచేతి మీద పడింది.

డ్రైవరు దిగి వచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. "హారన్ కొట్టానండీ, మూడుసార్లు కొట్టాను" అని అందరితోనూ చెబుతున్నాడు. పాపం, అతను చెబుతున్నది కూడా ఎవరికీ వినపడటం లేదు.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. మిల్లులో నాది తూకం గది. నూలు కండెలు తూచి చీటీ రాసి పంపడం నా పని. ఆ గదికి మందపాటి అద్దాలుండేవి. అవతల మూడు వందల మగ్గాలు ఆడుతుంటే నాకు దూరంగా వాన కురుస్తున్నట్టు ఉండేది. అంచేత నా చెవులు మిగిలాయి. అద్దం ఇవతల బతికినవాడికి ఇంకొక అలవాటు కూడా మిగులుతుంది. అన్నీ కనిపిస్తాయి, ఏదీ తనకి జరుగుతున్నట్టుండదు. మిల్లు మూతపడి ఆరేళ్లయినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. పెళ్లి చేసుకోలేదు. పలకరిస్తే పలుకుతాను. అందరూ నన్ను 'తూకం' అనే పిలుస్తారు.

మూతపడ్డాక నది మారింది. మా రంగుల గది కాలవ ఏ రోజు ఏ రంగు వదిలితే ఆ రోజు నది ఒడ్డున ఆ రంగు ఉండేది. ఇప్పుడు అది నీళ్ల రంగులోనే ఉంటోంది. ఒడ్డు పొడవునా రాళ్లు పరిచి నడక దారి వేశారు. నూలు గోదాముల చోట ఇరవై అంతస్తుల భవనాలు లేచాయి. పొగగొట్టాన్ని కూల్చకుండా సున్నం వేసి దీపాలు చుట్టారు. నేత షెడ్డు ఇళ్లు అమ్మే ఆఫీసయింది. గుమ్మంలో ఒక మగ్గాన్ని తుడిచి, నూనె రాసి, చుట్టూ తాడు కట్టి నిలబెట్టారు. దాన్ని ముట్టుకోవద్దని బోర్డు. పాతికేళ్లు ఆ మగ్గాన్ని బాగుచేసిన మెకానిక్కు, స్పానరు బావ, ఒకరోజు లోపలికి వెళ్లి ఆ బోర్డు చదివి బయటికొచ్చాడు. "బతికినన్నాళ్లు వేళ్లు కొరికింది. చచ్చాక ముట్టుకోవద్దంట" అన్నాడు.

మధ్యలో మా వరసలు మిగిలాయి. రెండు వరసల్లో అరవై ఇళ్లు, మధ్య ఒక సందు. నడక దారి మా దగ్గరికొచ్చి ఆగిపోయింది.

పిన్నిని ఆస్పత్రిలో దింపి వచ్చేసరికి, ఆ భవనాలు కడుతున్న కంపెనీ సూపర్‌వైజరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. కుర్రవాడు, మర్యాదస్తుడే.

"ఎవరిని అడిగి కూల్చావు?" అన్నాడు స్పానరు బావ.

"మిమ్మల్నే."

"మమ్మల్నా?"

అతను ఫోన్ తీసి వీడియో చూపించాడు. మూడు నెలల కిందట పాత క్యాంటీనులో జరిగిన సభ అది. వేదిక మీద అధికారి మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు. కింద మేమందరం. ఆయన చివర్లో ఏదో అడిగి ఆగాడు. ముందు వరస తలలు ఊగాయి. తర్వాత రెండో వరస. గాలికి పైరు వాలినట్టు ఊపు వెనక్కి పోయి గోడ దాకా వెళ్లింది. మోటారు పిన్ని ఊపుతోంది. స్పానరు బావ అందరికంటే గట్టిగా ఊపుతున్నాడు.

"చూశారుగా. ఊరవతల కట్టే ఇళ్లకి మారతాం, ఇవి ఖాళీ చేస్తామని మీ ఆమోదం. ముందు స్నానాల గది, తర్వాత ఇళ్లు. వచ్చే సోమవారం అధికారి వచ్చి ఉత్తర్వు చదువుతారు. మీరు ఆరోజు గంగిరెద్దుల్లా తలలూపి, ఇవాళ నన్ను నిలదీస్తే ఎలా మావయ్యా?"

అతను వెళ్లిపోయాక సందంతా రణరంగమైంది.

"నువ్వు ఊపబట్టే నేనూపాను!"

"నువ్వు నా ముందు కూర్చున్నావు. నేనూపింది నీకెలా కనపడుద్ది?"

"నీ పెళ్లాం ఊపింది."

"దాన్నడుగు!"

"మీ ఆవిడ్ని చూసే ఊపాను అన్నయ్యా!"

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అందరూ అరుస్తున్నారు. మా వాళ్లు మామూలుగా మాట్లాడినా అలాగే ఉంటుంది. కానీ ఆ అరుపుల అడుగున ఏదో ఒక మాట ఎవరి నోటా రాకుండా తప్పించుకు తిరుగుతోంది. ఆ మాట ఏమిటో నాకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం పిన్ని కట్టు కట్టించుకుని వచ్చింది. సందులో అందరం కూర్చున్నాం. షెడ్డులో మా వాళ్ల భాష వేరు. పెదాలు పెద్దగా కదుపుతారు, చేతులతో సైగ చేస్తారు. మగ్గాల హోరులో సంసారాలు, తగాదాలు, ప్రేమలు అన్నీ అలాగే నడిచాయి. పిన్ని ఒంటిచేత్తో సైగ చేయబోయి సగంలో ఆగిపోయింది.

"పిన్నికి సగం నోరు మూతపడింది, మనకి సగమైనా హాయి" అన్నాడు స్పానరు బావ. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, నవ్వుతూనే అంది:

"నాకు హారన్ వినపడలేదురా."

కట్టు మీద ఎడమచెయ్యి వేసుకుని మళ్లీ అంది:

"గోడలకి చెవులుంటాయంటారు. ఆ గోడకి వినపడిందేమో, నాకు వినపడలేదు. హారనే కాదు. ఆ రోజు ఆయన ఏం మాట్లాడాడో ఒక్క ముక్క నాకు తెలీదు. మామూలుగా అయితే పెదాలు చూసి పోల్చుకునేదాన్ని. మూతికి అడ్డంగా ఆ నల్ల ముద్ద పెట్టుకున్నాడు. మీరంతా ఊపుతున్నారు కదా అని ఊపాను."

ఇది చదువుతున్నవాళ్లు నవ్వుకోవచ్చు. చెవుడు చెప్పుకోవడానికి ఇంత సిగ్గేమిటి అనుకోవచ్చు. మిల్లులో ఒక పద్ధతుండేది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఏదైనా చెప్పినప్పుడు రెండుసార్లు "ఏంటి?" అన్నవాణ్ని చెవుల పరీక్షకి పంపేవారు. పరీక్షకి వెళ్లినవాడు మళ్లీ షెడ్డులోకి వచ్చేవాడు కాదు. చెవులు తీసుకున్నది మిల్లే. చెవులు లేవని తీసేసేదీ మిల్లే. అందుకని వినపడకపోతే తల ఊపడం నేర్చుకున్నారు. ముప్పై ఏళ్లు ఊపారు. అది మెడలోకి పోయింది. మొగుడూ పెళ్లాలు ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు. వయసు మీదపడి మొగుడు మాట తగ్గించాడని ఆమె, పెళ్లాం మెత్తబడిందని అతను అనుకుంటూ ఒకే గదిలో బతికారు.

స్పానరు బావ నేల చూస్తూ చెయ్యెత్తాడు. "నాక్కూడా" అన్నాడు. ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడినవాడు కాదు. ఎవరికీ వినపడలేదు. పిన్ని అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "ఇటు చూసి చెప్పు." మళ్లీ చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. చెబుతున్నవాళ్లు ఏడవలేదు. బరువు దింపి నడుం సర్దుకుంటున్న కూలీల్లా ఉన్నారు.

నా వంతు వచ్చింది. ఎవరూ నన్ను అడగలేదు. అడగకపోతే చెప్పనవసరం లేదని నా బుద్ధి చెబుతోంది. దానికి అది అలవాటు.

"నాకు వినపడింది" అన్నాను.

అర్థంకానట్టు చూశారు. పెదాలు పెద్దగా కదిపి మళ్లీ అన్నాను. "సభలో ఆయన చెప్పిందంతా వినపడింది."

"మరి చెప్పలేదేం రా?" అంది పిన్ని.

"మీకు వినపడటం లేదని నాకు తెలుసు. మైకు మూతికి అడ్డమొచ్చినప్పుడే తెలిసింది. లేచి నిలబడితే అందరూ నా వైపు తిరుగుతారు. అది తలుచుకుంటేనే కాళ్లు వణికాయి. అందరూ ఊపారు కదా, వాళ్లిష్టం అనుకున్నాను. నేనూ ఊపాను."

"కంపెనీ కుక్కా!" స్పానరు బావ నా చొక్కా పట్టుకున్నాడు. "అద్దాల గదిలో కూర్చున్నప్పుడే అనుకున్నా. దాని చెయ్యి చూడు! చూడు!"

నేను చూశాను. కొడితే బాగుండుననిపించింది. దెబ్బతో లెక్క సరిపోతుందని మనసు ఎంత తేలిగ్గా బేరం పెడుతుందో అప్పుడే గమనించాను.

"వదులు బావా" అంది పిన్ని. "వాణ్ని కొడితే వాడికి సుఖంగా ఉంటుంది. ఒరే తూకం, ఇలా వచ్చి నిలబడు. ఆ రోజు ఆయనన్న మాటలన్నీ ఇప్పుడు చెప్పు. మొహం ఇటు పెట్టు, నెమ్మదిగా."

చెప్పాను. ఇరవై నిమిషాల ఉపన్యాసం. మాకిచ్చే ఇళ్లు పన్నెండు మైళ్ల అవతల, అయిదో అంతస్తులో అని. లిఫ్టు తర్వాతెప్పుడో పెడతారని. అక్కడికి బస్సు ఇంకా వేయలేదని. ఈ ఒడ్డు మీద ఆధునిక జీవనం మొదలవుతుందని. ముందు వరసకి చెప్పాను. వెనక వాళ్లకి కనిపించడం లేదంటే వాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పాను. తర్వాత మంచాల మీదున్నవాళ్ల దగ్గరికి ఇంటింటికీ వెళ్లాను. పిన్ని మొగుడు ఊపిరి అందక దగ్గుతూ నా పెదాలు చూశాడు. "అయిదో అంతస్తా?" అన్నాడు. "నన్ను మోసుకెళ్తారా, కింద వదిలేస్తారా?" సాయంత్రానికి నా దవడలు నొప్పెట్టాయి. జన్మలో అంత మాట్లాడలేదు.

ఆ రోజే నిర్ణయించుకున్నారు. ఇక తల ఊపడం లేదు. వినపడనిదాన్ని వినపడలేదనాలి, విన్నదానికి నోటితో జవాబు చెప్పాలి. ఉద్యమమంటే ఇంతేనా అంటారేమో. మా మెడలకి అది చాలా పెద్ద పని.

సోమవారం అధికారి వచ్చాడు. వెనక పోలీసు వ్యాను, దాని వెనక రెండు యంత్రాలు. మేం సందు మొగలో కూర్చున్నాం. నడక దారి మీద ఎవరో కాలేజీ పిల్లలు ఆగి ఫోన్లతో వీడియో తీస్తున్నారు. ఆయన మైకు మూతికి పెట్టుకుని ఉత్తర్వు చదివాడు. చదివి, "అర్థమైందా?" అని ఆగాడు.

పక్కనున్న మెడలన్నీ బిగుసుకోవడం నాకు తెలిసింది. ముప్పై ఏళ్ల నాటి ఊపు కండరాల్లో కదిలింది, ఆగింది. ఒక ముసలాయన రెండు చేతులతో తన తలని తానే పట్టుకున్నాడు.

"వినపడలేదు" అంది మోటారు పిన్ని. ఆ గొంతు నది అవతలి ఒడ్డు దాకా వెళ్లింది. "ఆ ముద్ద పక్కన పెట్టు బాబూ. దగ్గరికొచ్చి మొహం చూపించి చెప్పు. మా అందరికీ ఒకేసారి కాదు, ఎవరికి వాళ్లకి చెప్పు. ఇల్లు ఎవరిది వాళ్లదే కదా."

"చెవిటివాళ్ల ముందు శంఖం ఊదమంటావా?" సూపర్‌వైజరు విసుక్కున్నాడు.

"ఊదండి. ఊదాల్సింది మీరేగా."

అధికారికి పైనుంచి ఏం ఆజ్ఞ ఉందో, ఫోన్లు పట్టుకుని నిలబడ్డ కాలేజీ పిల్లల్ని చూసి వెనక్కి తగ్గాడో తెలియదు. మైకు పక్కన పెట్టి వచ్చి పిన్ని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఉత్తర్వు చదివాడు. ఆమె చివరిదాకా విని, "వినపడింది. ఒప్పుకోను" అంది. తర్వాత స్పానరు బావ. "ఒప్పుకోను." తర్వాత అతని వదిన. "మళ్లీ చెప్పండి, మీసాలు అడ్డమొస్తున్నాయి." మళ్లీ చెప్పాడు. "ఒప్పుకోను." ఎండ ఎక్కింది. యంత్రాల డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి నీడకి పోయారు. పద్దెనిమిదో మనిషి దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. ఒక్క నిమిషం ఆయన మీద నాకు జాలి కలిగింది. ఇంత దగ్గరగా ఇంతమంది మొహాలు ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

పంతొమ్మిదోవాణ్ని నేను.

"నువ్వు చెవిటివాడివి కాదటగా" అన్నాడు ఊరటగా.

"కాదండి."

"ఆ రోజు సభలో అంతా విన్నావా?"

"విన్నాను."

"తల ఊపావా?"

"ఊపాను. వీళ్లకి వినపడటం లేదని తెలిసి కూడా ఊపాను. ఆ ఊపు వెనక్కి తీసుకుంటున్నాను. నాదే కాదు, మీ వీడియోలో ఉన్నవన్నీ దొంగ ఊపులే. నేను సాక్షిని. రాసుకోండి. ఒప్పుకోను."

ఆయన లేచాడు. మోకాళ్లు దులుపుకుంటూ పోలీసుల వైపు చూశాడు. "వీడే ఎగదోసింది."

నన్ను రెక్కలు పట్టుకుని లేపారు. భయం పోయిందని చెప్పను. కాళ్లు ఆ రోజు సభలో వణికినట్టే వణికాయి. ఈసారి వణుకుతూనే నడిచాయి. వ్యానులోకి తోశారు. నా వెనకే స్పానరు బావ ఎక్కాడు. అతన్ని ఎవరూ పట్టుకోలేదు, తనే ఎక్కాడు. "జరుగు తూకం" అన్నాడు. తర్వాత అతని వదిన, తర్వాత ఆ ముసలాయన. పదిహేడు మంది ఎక్కేసరికి లోపల ఊపిరాడలేదు. కానిస్టేబుల్ తలుపు వెయ్యబోతే పిన్ని కట్టు కట్టిన చెయ్యి అడ్డం పెట్టింది.

"మేం ఇంకా ఉన్నాం."

"చోటు లేదమ్మా! ఇళ్లకి పొండి."

"ఇళ్లకి పొమ్మంటున్నారు, రాసుకోండయ్యా" అంది పిన్ని. వెనక ఎవరో నవ్వారు. "చోటు లేకపోతే ఇంకో బండి తెప్పించండి."

నేను జాలీలోంచి చూస్తున్నాను. రేషను దుకాణం ముందు నిలబడ్డట్టు సందు పొడవునా వరస కట్టారు. ఇద్దరు పిన్ని మొగుణ్ని మంచంతో సహా మోసుకొచ్చి వరసలో దించారు. అలసిపోయిన మొహాలు. ఎవరూ నినాదం ఇవ్వలేదు.

రెండో వ్యాను రావడానికి గంటన్నర పట్టింది. వరసలోంచి ఎవరూ కదల్లేదు.